ఏడుపు ప్రశ్న

మార్చి 4, సోమవారం

ఈ రోజు తిరిగి డ్యూటీలో చేరాను. నన్ను చూడగానే సూపర్‌వైజర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన నాకోసం లేవడం ఇదే మొదటిసారి. అది చూసి నాకు చిరాకేసింది. "ఇంకొన్నాళ్ళు సెలవు పెట్టుకోవచ్చు కదమ్మా, పైవాళ్ళకి నేను చెప్పుకుంటాగా" అన్నారు. ఇంట్లో కూర్చుని గోడలు చూడడం నా వల్ల కాదన్నాను. ఆయన గొంతు సవరించుకుని, అయితే ట్యాబ్ చార్జింగ్ పెట్టుకో అన్నారు. ఆఫీసంతా నాతో గుసగుసగా మాట్లాడుతోంది, పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు.

వ్యాన్ డ్రైవర్ బాబాయి ఒక్కడే మామూలుగా ఉన్నాడు. "వచ్చావా తల్లీ! నువ్వు లేక బండిలో కొట్లాటలే లేవు, నిద్రొచ్చి చచ్చాననుకో" అన్నాడు. ఆయన్ని చూసి కాస్త నవ్వొచ్చింది.

ఈ విడత తల్లీబిడ్డల సర్వే. ఉద్యోగాల సర్వే ఉంది, ప్రయాణాల సర్వే ఉంది, ఇళ్ళ అద్దెల సర్వే ఉంది. నేను వచ్చేసరికి ఇదే రావాలా? వచ్చింది. చేస్తాను.

రాయకుండా దాటేస్తే ఈ డైరీ ఎందుకు? ఒక్కసారి రాసి వదిలేస్తాను. పాప నెలలు నిండకుండా పుట్టింది. పొద్దున పుట్టింది. మా ఊరి ఆసుపత్రిలో అలాంటి పిల్లల్ని ఉంచే గది లేదు. పాపని పొత్తిళ్ళలో పెట్టుకుని మా ఆయన అంబులెన్సులో పెద్దాసుపత్రికి బయల్దేరారు. నేను కుట్లతో మంచం మీద ఉన్నాను. నాకు పాప నుదురు మాత్రమే కనిపించింది. మర్నాడు ఆయన ఒక్కరే తిరిగొచ్చారు. దారిలోనే పోయిందట. మిగతావన్నీ ఆయనే చూసుకుని వచ్చారట.

ఆ దారిలో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. ఇప్పటికీ అంతే.

మార్చి 5, మంగళవారం

మొదటి ఇంట్లోనే మొదలైంది. తాళాలు బాగుచేసే ఆయన ఇల్లు. "ఇంత ఊళ్ళో మా ఇల్లే దొరికిందా మీకు?" అని ఆయన భార్య తలుపు సగమే తీసింది. ప్రతి విడతా ఈ మాట వినకపోతే నాకు తోచదు. ఏం చెప్పాలి ఆవిడకి? మా కేంద్ర కార్యాలయం రాజధానిలో ఉంటుందమ్మా, అక్కడ ఇళ్ళు ఎంచడానికే ఒక అంతస్తు ఉంది, వాళ్ళు మీ మొహం చూసి ఎంచలేదు, చీటీ తీసినట్టు తీశారు, అందుకే మీరు నాకు వద్దనిపించినా మీ పక్కింటికి వెళ్ళడానికి లేదు అని చెప్పాను. "అయితే నేను కాదంటే?" అంది. రేపు మళ్ళీ వస్తానన్నాను. తలుపు మొత్తం తీసింది.

ప్రశ్నలు రాసేవాళ్ళకి ఒక అంతస్తు, ఇళ్ళు ఎంచేవాళ్ళకి ఒక అంతస్తు, వచ్చిన అంకెల్లో తప్పులు ఏరి, కడిగి ఆరేసేవాళ్ళకి మరో అంతస్తు. అడిగేవాళ్ళకి మాత్రం అంతస్తు లేదు, రోడ్డే. ఈ మాట అంటే సూపర్‌వైజర్ గారికి కోపం.

ఏడుపు ప్రశ్న దగ్గరికి కూడా వచ్చాను. మేమందరం దానికి పెట్టుకున్న పేరు అది. పుట్టిన పిల్లలు ఎంతమంది, దగ్గరున్నవాళ్ళు ఎంతమంది, వేరే చోట ఉన్నవాళ్ళు ఎంతమంది అని అడిగాక వస్తుంది. "పుట్టినప్పుడు ఏడ్చి గానీ, కదిలి గానీ, ఆ తర్వాత ఎక్కువసేపు బతకని బిడ్డ ఎవరైనా మీకు ఉన్నారా? ఒక్క గంట బతికినా సరే." తల్లులు అలాంటి బిడ్డని పిల్లల లెక్కలో చెప్పరు. అందుకే ప్రత్యేకంగా అడగాలి. ఉన్నది ఉన్నట్టు చదవాలి, చదివాక నోరు మూసుకుని కూర్చోవాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఇది నేర్పించింది నేనే.

అడిగాను. లేరంది. తర్వాత ఇళ్ళలోనూ లేరు.

మార్చి 7, గురువారం

పాత బజారు వెనక వీధి. అందరూ బాగున్నారు.

మార్చి 8, శుక్రవారం

మేడ మీద వాటాలోకి కొత్తగా ఎవరో అద్దెకి దిగారు. ఆవిడ మర్యాదకి కిందికి వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను. "మీ కోడలికి పిల్లలా అండీ?" అని అడిగింది. అత్తయ్య వెంటనే "ఇంకా లేరండీ" అంది. ఒక్క క్షణం కూడా ఆగలేదు.

గిన్నె చేతిలోంచి జారిపోయింది. ఇద్దరూ వచ్చి చూశారు. చెయ్యి తడిగా ఉందని చెప్పాను.

నేను ఆసుపత్రి నుంచి వచ్చేసరికే అత్తయ్య ఇల్లంతా సర్దేసింది. కుట్టించిన చొక్కాలు లేవు, మెత్తటి పాతచీరల గుడ్డలు లేవు. ఎక్కడ పెట్టారని అడిగితే "ఎందుకమ్మా ఇప్పుడవి" అంటుంది. ఆమె దుర్మార్గురాలు కాదు. నేను అన్నం తినకపోతే తానూ తినదు. కానీ ఈ రోజు ఆమె మీద నాకు పట్టరాని కోపం వచ్చింది, అది ఎక్కడ చూపించాలో తెలియలేదు.

ఆయన మోటార్ల షాపు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, తిని, పడుకున్నారు. ఆయన చేతులకి వైండింగ్ తీగ వాసన ఉంటుంది. ఇదివరకు ఇష్టంగా ఉండేది. ఇప్పుడు ఆ చేతుల్ని చూస్తే ఇవే కదా పట్టుకున్నాయి అనిపిస్తుంది. చూపు తిప్పుకుంటాను.

మార్చి 12, మంగళవారం

దర్జీ పని చేసుకునే ఆవిడ ఇల్లు. ఇద్దరు మగపిల్లలు, బడికి వెళ్ళారు. ఆవిడ కుడుతూనే జవాబులు చెప్పింది. చాలా చురుకు. నేను అడగబోయేది కూడా ముందే చెప్పేస్తోంది. ఆ ప్రశ్న వచ్చింది. "అందరూ క్షేమమే కదమ్మా? ఎవరూ పోలేదు కదా?" అన్నాను. మిషను ఆగింది. ఆవిడ నా మొహం వంక చూసింది. కాసేపయ్యాక "ఆఁ, అందరూ క్షేమమే" అని మళ్ళీ తొక్కడం మొదలెట్టింది.

నేనడిగినది ట్యాబ్‌లో ఉన్న మాట కాదని నాకు తెలుసు. అందులో ఉన్నట్టు చదివితే మనిషి మొహం మీద కొట్టినట్టుంటుంది. కాస్త మర్యాదగా అడిగాను, అంతే. అర్థం ఒకటేగా. ప్రశ్నలు రాసే అంతస్తులో వాళ్ళకి ఏం తెలుసు, ఎదురుగా కూర్చునేది మేము.

మార్చి 13, బుధవారం

అర్థం ఒకటే.

మార్చి 18, సోమవారం

టీము మొత్తంలో నావే ఎక్కువ ఇళ్ళు పూర్తయ్యాయట. సూపర్‌వైజర్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. "చూడండి, బాధలో ఉండి కూడా ఎలా చేస్తోందో" అన్నారు. బాధ అనే మాట అనేసి నాలుక కరుచుకున్నారు. మిగతావాళ్ళకి ఈ విభాగం దగ్గర చాలాసేపు పడుతోంది. ఏడుపు ప్రశ్నకి 'ఉన్నారు' అంటే వెనకాల ఇంకో పది ప్రశ్నలు తెరుచుకుంటాయి. నాకు తెరుచుకోవడం లేదు. నా వీధులు అదృష్టవంతమైనవి.

డ్రైవర్ బాబాయి "ఏం మంత్రం వేస్తున్నావే తల్లీ, ఇట్టా పోయి అట్టా వస్తున్నావ్" అన్నాడు. నేను నవ్వాను. తర్వాత దారంతా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మార్చి 21, గురువారం



రాజధాని నుంచి పట్టికల మేడమ్ వచ్చింది. ఆవిడ అంకెలు కడిగే అంతస్తులో పెద్ద. జడముడిలో ఎప్పుడూ పెన్సిలు గుచ్చుకుని ఉంటుంది, దాని కోసం బల్లంతా వెతుక్కుంటూ ఉంటుంది. మేము సాయంత్రం పంపిన ఇళ్ళన్నీ ఆవిడ దగ్గర పట్టికలవుతాయి. అడిగిన మనిషి పేరు కనబడదు, మా కోడ్ కనబడుతుంది. ఎవరు ఏ ప్రశ్నకి ఏం రాస్తున్నారో పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎవరైనా ఇంటికి వెళ్ళకుండా చెట్టు కింద కూర్చుని నింపేస్తే అక్కడ పట్టుకుంటారు. ఇన్నేళ్ళలో నా కోడ్ కోసం ఎవరూ రాలేదు.

మేడమ్ తిన్నగా విషయానికొచ్చింది. "మీ టీములో మిగతా అందరూ చేసిన ఇళ్ళలోనూ ఒకరో ఇద్దరో పోయిన పసిపిల్లలున్నారు. మీరు చేసిన ఇళ్ళలో ఒక్కరూ లేరు. ఊరొకటే, ఆసుపత్రి ఒకటే. అదెలా అమ్మా?"

సూపర్‌వైజర్ గారు అడ్డుపడ్డారు. "ఈమె నా దగ్గర అందరికంటే పాత మనిషి మేడమ్. ఇంటికి వెళ్ళకుండా రాసే రకం కాదు."

"వెళ్ళిందని నాకూ తెలుసు, ట్యాబ్ చెబుతోంది. అందుకే ఫోను చేసి ఊరుకోకుండా నేనే వచ్చాను" అంది మేడమ్. నా వైపు తిరిగి, "నేను మీ ఎదురుగా ఉన్న తల్లిని అనుకోండి. ఆ ప్రశ్న అడగండి" అంది.

ట్యాబ్ తెరిచాను. ప్రశ్న ఎదురుగా ఉంది. చదవడానికి నోరు తెరిచాను. నా నోట్లోంచి వచ్చిందేమిటంటే, "అందరూ క్షేమమే కదండీ? ఎవరూ పోలేదు కదా?"

నా మాట నాకే వినబడింది. కొత్తవాళ్ళెవరైనా ఇలా అడిగితే నేను వాళ్ళని ఉతికి ఆరేసేదాన్ని. జవాబు మనమే చేతిలో పెట్టి, ఇది తీసుకోమ్మా అన్నట్టు ఎలా అడుగుతావని అరిచేదాన్ని.

మేడమ్ పెన్సిలు వెతుక్కుంది. దొరికాక కూడా ఏమీ రాయలేదు. సూపర్‌వైజర్ గారు ఆవిణ్ణి వరండాలోకి తీసుకెళ్ళి ఏదో చెప్పారు. ఏం చెప్పి ఉంటారో నాకు తెలుసు. తిరిగి వచ్చాక ఆవిడ సారీ అనలేదు, ఓదార్చలేదు. అందుకు నేను ఆవిడకి రుణపడి ఉన్నాను. కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా చెప్పింది. "నెలలు నిండని పిల్లల గది మీ ఊరి ఆసుపత్రికి ఇవ్వాలా, పక్క ప్రాంతానికి ఇవ్వాలా అని ఆరోగ్య శాఖవాళ్ళు మన అంకె కోసం చూస్తున్నారు. ఇక్కడ పిల్లలు పోవడం లేదని మనమే రాసిస్తే, వాళ్ళు ఇక్కడెందుకు పెడతారు?"

ఆ గది. మా పాపకి లేని గది. అది ఇంకే పాపకీ రాకుండా నేనే అడ్డం పడుకున్నాను.

బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పాను. ఆ శబ్దంలో ఏడ్చాను. పాప పోయాక నేను ఏడవడం ఇదే మొదలు.

మార్చి 22, శుక్రవారం

నేను చేసిన ఇళ్ళన్నీ మళ్ళీ అడగాలి. తప్పు చేసిన మనిషి చేత అదే ఇంట్లో మళ్ళీ అడిగించకూడదని రూలు. మేడమ్ తానే అడుగుతానంది. "నువ్వు ఇల్లు చూపించు, నా పక్కన కూర్చో, నోరు తెరవకు" అంది. నిన్నటి 'మీరు' ఈ రోజుకి 'నువ్వు' అయింది. నాకూ అదే బాగుంది.

మార్చి 25, సోమవారం

మేడమ్‌కి కుక్కలంటే ప్రాణభయం. ప్రతి సందు మొదట్లోనూ నన్ను ముందు నడవమంటుంది. పట్టికల్లో మనుషుల్ని గడగడలాడించే మనిషి నా కొంగు పట్టుకుని నడుస్తోంది. డ్రైవర్ బాబాయి బండిలోంచి చూసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

ఇంట్లో కూర్చున్నాక మాత్రం ఆవిడ వేరు. ప్రశ్న నిదానంగా చదువుతుంది. చదివాక నేల వైపు చూస్తూ ఉండిపోతుంది. ఎంతసేపైనా సరే. తాళాలాయన భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఒకటుంది. మొదటిది. దాన్ని కూడా చెప్పాలా?" అంది. చెప్పాలమ్మా అంది మేడమ్. ఆవిడ గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి చెప్పడం మొదలెట్టింది. తలుపు సగమే తీసిన మనిషి ఇంత చెబుతుందని నేననుకోలేదు.

మార్చి 26, మంగళవారం

దర్జీ ఆవిడ దగ్గరికి వెళ్ళాం. మేడమ్ చదివింది. ఆవిడ ఈసారి మిషను మీంచి లేచి వచ్చి మా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఉన్నాడు. ఇద్దరికీ మధ్యలో వాడు. గట్టిగా ఏడ్చాడు కూడా, పక్కింటివాళ్ళు విని పరిగెత్తుకొచ్చారు. తెల్లారేసరికి చల్లబడిపోయాడు" అంది. నన్ను చూపిస్తూ, "ఈ అమ్మాయి వచ్చినప్పుడే చెప్పేదాన్ని. కానీ అడిగేటప్పుడు ఆ మొహం చూస్తే, లేదని చెప్పమ్మా అని బతిమాలుతున్నట్టుంది. పాపం అనిపించింది. అందుకే లేదన్నా" అంది.

అంటే వాళ్ళకి నేను మర్యాద చేశాననుకున్నాను. వాళ్ళే నాకు దయ చూపించారు.

వీధిలోకి వచ్చాక మేడమ్ ఏదో అంటోంది, నాకు వినబడడం లేదు. నాకు ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన తలుపు తీసుకుని లోపలికి వచ్చారు. చేతులు ఖాళీగా ఉన్నాయి. నేను అడిగిన మొదటి మాట ఇది: "బాధపడలేదు కదా? ఏడవలేదు కదా?"

"లేదు" అన్నారాయన.

నెల పైగా ఆ 'లేదు' మీదే పడుకుంటున్నాను, లేస్తున్నాను. బాధపడలేదు, ఏడవలేదు, నిద్రలోనే వెళ్ళిపోయింది అని నాకు నేనే కథ అల్లుకున్నాను. ఆయన ఏమీ చెప్పలేదు. నా మొహం చూసి ఒక్క మాట అన్నారు.

మార్చి 28, గురువారం

చివరి వీధి. మేడమ్ గొంతు బొంగురుపోయింది. రూలు రూలే అన్న మనిషి, "ఈ ఇల్లు నువ్వు చూడనిదేగా, నువ్వే అడుగు, నేను వింటాను" అంది. మొన్న తాళం వేసి ఉన్న ఇల్లు అది. బట్టలు ఉతుకుతున్న ఆవిడ నురగ చేతులతోనే కూర్చుంది. ట్యాబ్‌లో ఉన్నది ఉన్నట్టు చదివాను. చదివి నేల వైపు చూశాను.

"లేదమ్మా. ఇద్దరే, ఇద్దరూ బళ్ళో ఉన్నారు. అలాంటిదేం లేదు" అంది.

బయటికి వచ్చాక మేడమ్ "ఈ లేదు మాత్రం నేను నమ్ముతాను" అంది. నేను నవ్వాను, నిజంగానే నవ్వొచ్చింది. తర్వాత ఆమె బస్సెక్కింది. ఎక్కేముందు నా భుజం మీద చెయ్యి వేసి తీసేసింది.

ఏప్రిల్ 1, సోమవారం

ఈ రోజు ఆయన్ని అడుగుదామనుకున్నాను. షాపులో ఏదో గొడవ జరిగి మొహం మాడ్చుకుని వచ్చారు. రేపు.

ఏప్రిల్ 2, మంగళవారం

రేపు.

ఏప్రిల్ 5, శుక్రవారం

మేడమ్ ఫోను చేసింది. మా ప్రాంతం అంకె సరిచేసి పంపారట. మొదట వచ్చినదానికంటే బాగా పెరిగిందట. మరి గది మాటేమిటని అడిగాను. "గది ఇచ్చేది మనం కాదు, అంకె పంపడం వరకే మన పని. కానీ ఇక అబద్ధం అడ్డం రాదు" అంది.

నోరాపుకోలేక అడిగేశాను. "మా ఇల్లు ఎంపికలో రాలేదు కదండీ. మా పాప ఎందులోనూ లేదు."

"ఎంపికైన ప్రతి ఇల్లూ చుట్టుపక్కల ఇళ్ళ తరఫున కూడా చెబుతుంది. ఆ దర్జీ ఆవిడ చెప్పింది మీ ఇంటికి కూడా చెందుతుంది. లెక్క అలాగే కడతాం" అంది.

అది నాకూ తెలుసు. నేనే ఎంతోమందికి చెప్పాను. ఆవిడ మంచి మనసుతోనే అంది. కానీ నాకు లెక్క సరిపోలేదు. దర్జీ ఆవిడ తన కొడుకు గురించి చెప్పింది. వాడు గట్టిగా ఏడ్చాడని ఆమెకి తెలుసు. నా కూతురి గురించి నాకేం తెలుసు? నుదురు. అంతే.

ఏప్రిల్ 9, మంగళవారం

అత్తయ్యతో పోట్లాడాను. మేడ మీద ఆవిడకి అలా ఎందుకు చెప్పావని నిలదీశాను. ఆమె పళ్ళెం పక్కన పెట్టి, "ఉండి పోయిందని చెబితే ఆవిడ ఊరుకుంటుందా? ఎలా పోయింది, ఎప్పుడు పోయింది, ఎందుకు పోయింది అని తవ్వుతుంది. అవన్నీ నువ్వు వినాలి. నీ చెవిన పడకూడదనే లేరన్నాను. నా నోటితో నా మనవరాల్ని లేదనడం నాకు సరదానా?" అంది. కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఈ ఇంట్లో అందరూ నా మొహం చూసే జవాబులు చెబుతున్నారు.

ఏప్రిల్ 12, శుక్రవారం

భయంగా ఉంది. అడిగితే ఆయన నిజం చెబుతారు. ఇప్పుడున్న కథలో పాప నిద్రపోతూ వెళ్ళింది. అడిగాక ఆ కథ ఉండదు.

వదిలేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎంతమంది బతకడం లేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

మధ్యాహ్నం అత్తయ్య పక్కవీధికి వెళ్ళింది. ఆయన వరండాలో టేబుల్ ఫ్యాను విప్పి ముందు వేసుకుని కూర్చున్నారు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఇన్ని వేల గుమ్మాలు ఎక్కి దిగినదాన్ని, నా ఇంటి వరండాలో నోరు పెగల్లేదు.

"ఆ రోజు అంబులెన్సులో ఏం జరిగింది?" అని అడిగాను.

అడిగి నేల వైపు చూశాను. నా మొహం ఆయనకి కనబడకూడదు. కనబడితే మళ్ళీ నాకు కావలసిందే చెబుతారు.

స్క్రూడ్రైవరు ఆగింది. ఒక స్కూటరు వెళ్ళింది. ఎవరింట్లోనో కుక్కర్ కూసింది. ఏదో ఒకటి అనేసి దాన్ని తేలిక చెయ్యాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి ఊరుకున్నాను.

"ఏడ్చింది" అన్నారు.

నేను తలెత్తలేదు.

"బండి కదిలిన దగ్గర్నించీ ఏడ్చింది. పిల్లి పిల్లలా, సన్నగా. నర్సు ఆక్సిజన్ గొట్టం ముక్కు దగ్గర పెడితే తల తిప్పేసుకునేది. అంత చిన్న తలకి అంత పట్టుదల. నీలాగే అనుకున్నా. వంతెన దగ్గర లారీలు ఆగిపోయి ఉన్నాయి. డ్రైవర్ దిగి అరుస్తున్నాడు. నేను వేలు ఇస్తే పట్టుకుంది. పట్టుకున్నాక ఏడుపు ఆపింది. కళ్ళు తెరిచింది. నేను ఏదో మాట్లాడా. ఏం మాట్లాడాలో తెలీక షాపు గురించి చెప్పా. మీ అమ్మ చాలా పోట్లాడుతుంది, జాగ్రత్తగా ఉండాలి అని చెప్పా. వింటున్నట్టే చూసింది. బండి మళ్ళీ కదిలింది. నేను మాట్లాడుతూనే ఉన్నా. నర్సు నా భుజం పట్టుకుని ఆపిందాకా మాట్లాడుతూనే ఉన్నా."

ఆయన కాలు తగిలి మరలూ బోల్టులూ వేసిన మూత ఒలికిపోయింది, ఇద్దరం తియ్యలేదు.

"నువ్వు ఏడవలేదు కదా అన్నావు. ఏడ్చిందని ఎలా చెప్పనే?" అన్నారు. "ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, షాపులో అడగలేదు. దాన్ని చూసింది నేనొక్కణ్ణే. నేను మర్చిపోతే ఇంక లేనట్టే కదా అని రోజూ భయపడి చస్తున్నా."

అప్పుడు తలెత్తి ఆయన్ని చూశాను. పొగిలి పొగిలి ఏడుస్తున్నారు. నేనూ ఏడ్చాను. నా పాప ఏడ్చింది. గొట్టం పెడితే తల తిప్పుకుంది. వేలు పట్టుకుంది. కళ్ళు తెరిచి వాళ్ళ నాన్నని చూసింది. ఇవన్నీ నా ఇంట్లోనే, నా పక్క మీదే, ఇన్నాళ్ళూ ఈయన ఒక్కరి దగ్గరే ఉండిపోయాయి.

ఏ వేలు అని అడిగాను. కుడిచేతి చూపుడువేలు చూపించారు. దాన్ని గుప్పిట్లో పట్టుకున్నాను.

మళ్ళీ మొదట్నించి చెప్పమన్నాను. చెప్పారు.